పదకొండు గంటల ఫోటో

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి అమ్మాయిలూ. ఎవరి టీ వాళ్ళు పోసుకుని, ఫోన్లు బోర్లా పెట్టి, కాళ్ళు బారచాపుకుని కూర్చోండి. నేను చదివింది చీరాలలో ఐదో తరగతి. ఈ కాగితాలు కూడా నేను రాసినవాటిని మా మేనకోడలు దిద్దిపెడితేనే ఇలా చదవడానికి వీలుగా ఉన్నాయి. కానీ చూసినదాన్ని మరచిపోవడం మాత్రం నాకు చేతకాదు. ఏ పిల్లకి ఏ పన్ను ముందు వచ్చిందో, ఆ రోజు ఆ పిల్ల ఏం తిన్నదో ఇప్పటికీ చెప్పగలను.

పంతొమ్మిదేళ్ళు ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్ళ ఇళ్ళలో పిల్లల్ని పెంచాను. మోకాళ్ళు ఇక వద్దన్నాయి, మానేశాను. ఇప్పుడు మీరు ఈ పనిలోకి వస్తున్నారు. మొన్న ఒక అమ్మాయి నాతో, "ఏముంటుంది ఆంటీ, డైపర్లు మార్చడం, అన్నం పెట్టడం, అంతేగా" అంది. అంతే అయితే నాకు ఇంత కోపం ఎందుకుంటుంది? ఈ పనిలో పిల్లల వల్ల కష్టం లేదు. పెద్దవాళ్ళు మన చేత చేయించే పనుల వల్ల కష్టం. అవి చేసేటప్పుడు చిన్నవిగానే ఉంటాయి. నేను చేసిన అలాంటి ఒక పని చెబుతాను.

మొదటి అడుగు

ముందు ఈ పనిలో అందరం చెప్పే అబద్ధం ఒకటి ఉంది, అది తెలుసుకోండి. పిల్ల మొదటి అడుగు మంగళవారం మధ్యాహ్నం మన ముందే వేస్తుంది. తల్లీతండ్రీ ఆఫీసులో ఉంటారు. మనం చెప్పకూడదు. "ఇవాళో రేపో వేసేలా ఉందమ్మా, కనిపెట్టి చూడండి" అనాలి. శనివారం వాళ్ళ ముందు వేస్తుంది. అదే మొదటి అడుగు. వాళ్ళు ఏడుస్తారు, వీడియో తీస్తారు, మనం కూడా అప్పుడే చూసినట్టు చేతులు తట్టాలి.

నేను చేరిన మొదటి ఇంట్లో ఈ సంగతి తెలియక, తలుపు తీస్తూనే, "మీ వాడు నడిచాడోచ్" అన్నాను. ఆ తల్లి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది. వారం రోజులు నాతో ముభావంగా ఉంది. ఆ రోజు నుంచి నేను నోరు కట్టుకోవడం నేర్చుకున్నాను. అది మంచి అబద్ధం అనే ఇప్పటికీ అంటాను. దానివల్ల ఒక తల్లికి ఒక అడుగు దక్కుతుంది.

నా తప్పు ఏమిటంటే, నోరు కట్టుకోవడం ఒకసారి అలవాటయ్యాక ఎక్కడ విప్పాలో మరిచిపోయాను.

పద్నాలుగో అంతస్తు

జెర్సీ సిటీలో నది పక్కన ఒక పెద్ద బిల్డింగు, పద్నాలుగో అంతస్తు. మూడు నెలల పాప, పేరు తన్వి. కన్నతల్లి కీర్తన, విజయవాడ అమ్మాయి, రోజూ ట్రైన్‌లో మన్‌హట్టన్ వెళ్ళి ఫైనాన్స్ ఉద్యోగం చేస్తుంది. ఇంట్లో ఇంకో అమ్మాయి స్వప్న, కరీంనగర్ పిల్ల. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఇంట్లోనే కూర్చుని పని.

మొదటివారం వాళ్ళు ఫ్లాటు పంచుకున్న స్నేహితులనుకున్నాను. రెండోవారం బట్టలు మడతపెట్టి సర్దబోతే ఇద్దరివీ ఒకటే బీరువా. నేను మరీ అంత అమాయకురాలిని కాదు. మనసులో కొంచెం ఎలాగో అనిపించిన మాట నిజం. మా ఇళ్ళలో ఇలాంటివి చూడలేదు, విననూ లేదు. ఏమీ అడగకుండా పని చేసుకుపోతున్నాను. ఒక రోజు స్వప్నే వచ్చి స్టవ్ పక్కన నిలబడింది.

"ఆంటీ, మేమిద్దరం ఎట్లుంటున్నమో మీకు సమజయ్యే ఉంటది. మీకు ఇబ్బందనిపిస్తే ఇప్పుడే చెప్పుండ్రి. పాప మీకు అలవాటైనంక పోతే కష్టమైతది."

"ఇబ్బంది సంగతి తరవాత. పొద్దున పాలు రెండు ఔన్సులు మిగిల్చింది. నువ్వు కలిపావా, ఆవిడ కలిపిందా?"

"నేనే కలిపిన."

"మరీ వేడిగా కలిపావు. ఆ సంగతి చూడు ముందు."

ఆ అమ్మాయి నవ్వింది. నాకున్న ఇబ్బంది కూడా ఆ పూటతో సరి.

తన్విని కన్నది కీర్తన. పెంచింది స్వప్న. నేను పక్కన ఉన్నాను. ఇది నా అభిప్రాయం కాదు, నేను చూసింది. టీకాలకి తీసుకెళ్ళేది స్వప్న. పళ్ళొచ్చేటప్పుడు పిల్ల కొరికిన మచ్చలు స్వప్న భుజం మీదే ఉండేవి. ద్రాక్షపళ్ళు గొంతుకి అడ్డం పడకుండా నిలువునా నాలుగు ముక్కలు చేయాలని నాకు చెప్పింది కూడా స్వప్నే. అప్పటికి పదకొండేళ్ళ అనుభవం ఉన్న నేను సగానికి కోసి పెట్టేదాన్ని. కీర్తనకి పిల్ల మీద ప్రేమ లేదని అనను. ఇంటికి రాగానే బ్యాగు పడేసి పిల్లని ఎత్తుకునేది. కానీ పిల్ల ఏడుపు విని అది ఆకలో, నిద్రో చెప్పగలిగింది స్వప్న ఒక్కతే. మాటలొచ్చాక పిల్ల కీర్తనని అమ్మ అంది, నన్ను బామ్మ అంది. స్వప్నని సప్పమ్మ అంది. ఎవరూ నేర్పలేదు, అదే పెట్టుకుంది.

పిల్లకి ఏడాది నిండాక వాళ్ళిద్దరూ సిటీ హాల్‌కి వెళ్ళి పెళ్ళి చేసుకున్నారు. సాక్షి సంతకం నాదే. స్వప్న మంచి చీర కట్టుకుంది, మల్లెపూలు ఎక్కడ సంపాదించిందో పెట్టుకుంది. ఒక్క ఫోటో కూడా తీయలేదు. కీర్తన వద్దంది.

పదకొండు గంటలకి

ఎందుకు వద్దందో చెప్పాలి. విజయవాడలో ఉన్న అమ్మానాన్నలకి కీర్తన చెప్పిన కథ వేరు. "నాకు పెళ్ళి వద్దు, బిడ్డ కావాలి, హాస్పిటల్లో ట్రీట్‌మెంట్ చేయించుకున్నాను" అని చెప్పింది. వాళ్ళు ఏడ్చారు, మాట్లాడ్డం మానేశారు, మనవరాలు పుట్టాక సర్దుకున్నారు. స్వప్న సంగతి మాత్రం చెప్పలేదు. స్వప్న రూమ్మేటు. అద్దె పంచుకునే మనిషి. పిల్లంటే ముద్దు కాబట్టి అప్పుడప్పుడూ ఎత్తుకుంటుంది. అంతవరకే.

రోజూ మనకి పొద్దున పదకొండయ్యేసరికి అక్కడ వాళ్ళు రాత్రి భోంచేసి ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఆ వేళకి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో తన్వి ఫోటో పడాలి. ఆ పని నాది.

"ఆంటీ, స్వప్న పడకుండా తీయండి. ప్లీజ్. అమ్మావాళ్ళకి నేనే టైమ్ చూసి చెప్తాను" అంది కీర్తన.

సరే అన్నాను. అది అంత సులువు కాదు, ఎందుకంటే ఆ పిల్ల ఎప్పుడూ స్వప్న ఒళ్ళోనో, చంకలోనో ఉండేది. ఎక్కడ నిలబడితే ఒక్క పిల్లే పడుతుందో నేర్చుకున్నాను. స్వప్న పడితే వేలితో అంచు లాగి కత్తిరించడం నేర్చుకున్నాను. ఒకసారి ముద్ద పెడుతున్న చెయ్యి మిగిలిపోయింది. సాయంత్రం కీర్తన కంగారుగా వచ్చింది.

"ఆ చెయ్యి ఎవరిదని అమ్మ అడిగింది ఆంటీ."

"నాదని చెప్పు."

"చెప్పాను. సుగుణమ్మ గాజులు వేసుకోదా అని అడిగింది."

ఆ తరవాత చెయ్యి కూడా పడనివ్వలేదు నేను. పక్కనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని స్వప్న ఇదంతా వింటోంది. "నన్ను సినిమాల లెక్క గ్రీన్ స్క్రీన్ చేసి మాయం చేసెయ్యుండ్రి ఆంటీ, కష్టం తప్పుతది" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకి నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఒక మనిషి తన ఇంట్లో, తన బిడ్డ పక్కనుంచి, రోజూ పదకొండింటికి లేచి పక్కకి జరుగుతోంది. దాన్ని నేను చాకచక్యం అనుకున్నాను. ఫోటోలు బాగా తీస్తానని కీర్తన మెచ్చుకుంటే పొంగిపోయాను.

ఆరు నెలలు

పిల్లకి రెండున్నరేళ్ళప్పుడు కీర్తన అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. స్వప్న సామాను చిన్న గదిలోకి మారింది. పిల్ల చేత సప్పమ్మ అనడం మాన్పించి ఆంటీ అనిపించమన్నారు. మన పిల్లలు ఊళ్ళో ప్రతి ఆడమనిషినీ ఆంటీ అంటారు కాబట్టి అది ఎవరికీ వింతగా ఉండదు.

నేర్పింది నేనే. ద్రాక్షముక్క పట్టుకుని, స్వప్నని చూపించి, "ఎవరు ఈవిడ?" అనేదాన్ని. సప్పమ్మ అంటే పెట్టేదాన్ని కాదు. ఆంటీ అంటే పెట్టేదాన్ని. నాలుగు రోజుల్లో వచ్చేసింది. తెలివైన పిల్ల.

అప్పటికే స్వప్న దత్తత కాగితాలు వేయాలని అడుగుతూ ఉండేది. పిల్ల పెళ్ళికి ముందే పుట్టింది కాబట్టి, కాగితం మీద తల్లి కావాలంటే స్వప్న దత్తత తీసుకోవాలట. దానికి ఇల్లు చూడడానికి మనిషి వస్తుందట.

"అమ్మావాళ్ళు ఉండగా ఎలా వస్తుంది స్వప్నా? వాళ్ళు వెళ్ళాక చేద్దాం" అంది కీర్తన.

వాళ్ళు వెళ్ళాక ప్రమోషన్ అంది. ఆ తరవాత వచ్చే ఏడాది అంది. స్వప్న గట్టిగా అడగలేదు. గట్టిగా అడగకపోవడం మంచితనం అనుకునే రకం. అమ్మాయిలూ, ఆ మంచితనం ఎవరికీ పనికిరాదు, ముఖ్యంగా పిల్లలకి.

ఇంకో సంగతి చెబుతాను, నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఇదే. ఊరికి వెళ్ళేముందు రోజు కీర్తన తల్లి, రాజ్యలక్ష్మి గారు, సూట్‌కేసు సర్దుకుంటూ నన్ను పిలిచారు.

"వదినగారూ, ఆ స్వప్నని కాస్త కనిపెట్టుకుని ఉండండి. చిక్కిపోయింది. పిల్లకి ఆ అమ్మాయే లోకం."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ చూపు తిప్పుకుని పచ్చడి సీసా చుట్టూ కవరు చుడుతున్నారు. ఆవిడకి అంతా తెలుసు. ఎన్నాళ్ళ నుంచి తెలుసో ఆ దేవుడికే ఎరుక. కూతురు చెప్పలేదు కాబట్టి తల్లి అడగలేదు. తల్లి అడగలేదు కాబట్టి కూతురు చెప్పలేదు. ఇద్దరూ మర్యాదస్తులు. వాళ్ళ మర్యాద నిలబెట్టడానికి రెండున్నరేళ్ళ పిల్ల నాలుక తిప్పాను నేను.

అప్పుడైనా నేను వంటింట్లోకి వెళ్ళి కీర్తనతో, "మీ అమ్మకి తెలుసే, ఇక ఈ నాటకం ఆపు" అని ఉండాల్సింది. అనలేదు. ఇంటి విషయాల్లో తల దూర్చకూడదని ఊరుకున్నాను. తల ఎప్పుడో దూర్చాను, చేతులతో సహా. అది మాత్రం తోచలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక కూడా పిల్ల మూడు వారాలు ఆంటీ అనే పిలిచింది. మాన్పించడానికి ద్రాక్షపళ్ళు పని చేయలేదు.

నిజం చెప్పిన రోజు

తన్వికి ఐదేళ్ళు వచ్చేసరికి ఇద్దరికీ చెడింది. ఎవరిది తప్పంటే చెప్పలేను, కాపురాలన్నాక చెడతాయి. మగాడూ ఆడదీ ఉన్న ఇళ్ళలో చెడటం చాలా చూశాను, ఇదీ అలాగే ఉంది. అవే తలుపులు, అవే మూతివిరుపులు. సియాటిల్ పక్కన బాతెల్‌లో కీర్తనకి పెద్ద ఉద్యోగం వచ్చింది. పిల్లని తీసుకుని వెళ్ళిపోతానంది. స్వప్న వీల్లేదంది. విడాకులకి కాగితాలు పడ్డాయి. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నదే తగవంతా. కీర్తన లాయరు వాదన ఏమిటంటే, స్వప్న అసలు తల్లే కాదు, ఇంట్లో ఉన్న ఒక మనిషి.

కీర్తన నన్ను లాయరాఫీసుకి తీసుకెళ్ళింది. దారిలో కార్‌లో అంది:

"మీరేం అబద్ధం చెప్పక్కర్లేదు ఆంటీ. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు."

అడిగారు. మిమ్మల్ని పనిలో పెట్టుకుందెవరు? కీర్తన. తాతా అమ్మమ్మా ఉన్నప్పుడు పిల్ల స్వప్నని ఏమని పిలిచేది? ఆంటీ అని. రోజూ ఫోటోలు తీసింది మీరేనా? నేనే. ఆ ఫోటోల్లో స్వప్న ఉందా? లేదు. ఒక్కదాంట్లో కూడా లేదా? లేదు.

"ఎందుకు లేదంటే..." అని మొదలుపెట్టాను. "అది అవసరం లేదు" అన్నాడు లాయరు. కాగితం నా ముందు పెట్టారు, సంతకం పెట్టాను. అందులో ప్రతి మాటా నిజమే. కలిపి చదివితే పచ్చి అబద్ధం. నాకది తెలియలేదని బొంకను. పెన్ను పట్టుకున్నప్పుడే తెలుసు. ఆ ఇంట్లో ఇంత తిన్నాను, పిలిచి అడిగితే కాదనడం ఎలాగ అనుకున్నాను. విశ్వాసం అనుకున్నాను. ఉప్పు తిన్నది ఒక్క కీర్తన చేతిదే అయినట్టు. ఆ ఇంట్లో ఐదేళ్ళు నాకు కూడా కంచం పెట్టింది స్వప్న.

ఆ కాగితాన్నీ, ఆ ఫోటోలనీ కలిపి జడ్జిగారి ముందు పెట్టారు. తగవు తేలేదాకా స్వప్న పిల్లని వారానికి ఒక్కసారి, శనివారం రెండు గంటలు, వేరే మనిషి కాపలాలో చూడాలని తీర్పొచ్చింది. స్వప్న సామాను తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీ మీద కోపమేం లేదు ఆంటీ. అన్నీ నిజమే చెప్పిన్రు" అంది.

శనివారం గది

శనివారం పిల్లని అక్కడికి తీసుకెళ్ళేది నేనే. కీర్తన రాదు కాబట్టి. ఒక గది, ఇన్ని బొమ్మలు, మూల కుర్చీలో నోట్‌బుక్ పట్టుకుని ఒక అమెరికన్ ఆవిడ. బాగా మంచావిడే. అక్కడ స్వప్న పిల్లతో నేల మీద కూర్చుని బొమ్మలు అతికించేది. పొడుగు మాటలు లేవు. రెండు గంటల్లో ఏం మాట్లాడతారు? ఏం తిన్నావు, స్కూల్లో ఎవరితో ఆడుకున్నావు, అంతే.

మూడో శనివారం ఆ ఆవిడకి ముచ్చటేసి, మీ ఇద్దరికీ ఒక ఫోటో తీస్తానంది. తన్వి వెంటనే లేచి నిలబడింది. జుట్టు వెనక్కి నెట్టుకుంది. స్వప్న వైపు తిరిగి, ఎంతో మామూలుగా చెప్పింది:

"సప్పమ్మా, నువ్వు జరుగు. ఫోటోలో నువ్వు ఉండవు కదా."

స్వప్న జరిగింది. అలవాటు మరి. లేచి, రెండడుగులు పక్కకి వేసి, గోడ దగ్గర నిలబడింది. ఆ అమెరికన్ ఆవిడకి మాట అర్థం కాలేదు. ఫోన్ పట్టుకుని, "మామ్ కూడా రావాలి" అని ఇంగ్లీషులో పిలుస్తోంది. తన్వి నా వైపు చూసి, "బామ్మా, షీ డజంట్ నో" అంది. ఈవిడకి మన పద్ధతి తెలియదు, నువ్వు చెప్పు అని.

అక్కడ నా ఒళ్ళు మండింది. కీర్తన మీద, ఆవిడ తల్లి మీద, ఆ లాయరు మీద, అందరికంటే ముందు నా మీద. ఐదేళ్ళ పిల్లకి తల్లిని పక్కకి జరపడం పద్ధతి అయింది. ఆ పద్ధతి పెట్టినవి ఈ చేతులే.

సోమవారం పొద్దున కీర్తనతో చెప్పాను. "నేను స్వప్న తరఫున వచ్చి మళ్ళీ మాట్లాడతాను. నీకు చెప్పకుండా చేయను. ఇంకో మనిషిని చూసుకో."

"ఏంటి ఆంటీ మీరు. ఇంట్లో మనిషిలా చూసుకున్నాను కదా మిమ్మల్ని."

"చూసుకున్నావు. స్వప్నని కూడా అలాగే చూసుకుంటే సరిపోయేది."

కోర్టులో

నా ఇంగ్లీషు కూరల కొట్టు దాకా సరిపోతుంది, కోర్టుకి చాలదు. తెలుగు చెప్పడానికి ఒకావిడని పెట్టారు. బాగా చదువుకున్నావిడ. లాయరు ఇంగ్లీషులో ఏదో అడిగితే, "సదరు ఛాయాచిత్రమును మీరే గ్రహించితిరా?" అంది నాతో.

"ఫోటో అనమ్మా తల్లీ, నాకు అర్థమవుతుంది" అన్నాను. ఆవిడ కూడా నవ్వాపుకుంది.

స్వప్న లాయరు మాట్లాడించాక కీర్తన లాయరు లేచాడు. నేను తీసిన ఫోటోలే తెర మీద వేసి ఒక్కొక్కటీ చూపించాడు. నా నోటితోనే మళ్ళీ లేదు, లేదు అనిపించాలని ఆయన ఆలోచన.

మొదటిది. పిల్ల ఎత్తుకుర్చీలో కూర్చుని నోటి నిండా పప్పన్నంతో పక్కకి చూసి నవ్వుతోంది. "ఇందులో స్వప్న ఉందా?"

"లేదు. ఎడమ వైపు అంచుకి జానెడు దూరంలో ఉంది. నీలం కుర్తా వేసుకుంది. ఆ రోజు బీరకాయ పప్పు. ముద్ద ఆవిడ చేతిలో ఉంది, అందుకే పిల్ల అటు చూస్తోంది."

రెండోది. పార్కులో జారుడుబల్ల మీద నుంచి పిల్ల చేతులు చాచి జారుతోంది. "ఇందులో?"

"లేదు. కింద ఉంది, మోకాళ్ళ మీద. చేతులు చాచింది ఆవిడ కోసమే. బల్ల సగం వరకే పడేలా నేను తీశాను. ఆ రోజు ఆవిడ జీన్స్ మోకాలి దగ్గర చిరిగింది."

మూడోది. పిల్ల తొడ మీద టీకా పట్టీ, చేతిలో లాలీపాప్. "ఇందులో?"

"అందులో తొడ కింద కనిపిస్తున్న పసుపు గుడ్డ కుర్చీది కాదండీ. స్వప్న ఒళ్ళు. ఆ రోజు కీర్తన చికాగోలో ఉంది. కావాలంటే అడగండి."

నాలుగోది వేశాక ఆయనే కొంచెం తటపటాయించాడు. రెండో పుట్టినరోజు. కీర్తన పిల్ల చెయ్యి పట్టుకుని కేకు కోయిస్తోంది, పక్కన నేను ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఇందులోనూ లేదు" అన్నాను. "మేం ముగ్గురం ఉన్నాం. ఇంట్లో వేరే ఎవరూ లేరు. మరి తీసింది ఎవరండీ?"

ఆయన తెర ఆపబోయాడు. జడ్జిగారు చెయ్యి ఎత్తి, మిగతావి కూడా చూపించమన్నారు. ఆ పూటంతా చూపించారు. ఆ పూటంతా చెప్పాను. ఎక్కడ నిలబడింది, ఏం కట్టుకుంది, ఏం పట్టుకుంది, నేను ఎటు నుంచి కత్తిరించాను. కీర్తన తల వంచుకుని కూర్చుంది. స్వప్న మొదటిసారి ఆ ఫోటోలన్నీ వరసగా చూస్తోంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

చివర్లో లాయరు అడిగాడు, "అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

"కాగితంలో అబద్ధం లేదండీ. ఫోటోల్లో ఉంది. తీసింది నేనే, కాబట్టి శిక్ష వేస్తే నాకు వేయండి. ఆ పిల్లకి వేయకండి."

తరవాత

తీర్పు రావడానికి ఇంకా నెలలు పట్టింది. స్వప్న కూడా తల్లే అన్నారు. పిల్ల ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. బాతెల్ తీసుకెళ్ళడానికి వీల్లేదు. కీర్తన ఆ ఉద్యోగం వదులుకుంది. ఆవిడ మీద నాకు జాలి లేదని కాదు. భయపడింది. కానీ తన భయానికి వెల పక్కమనిషి చేత కట్టించింది. దాన్ని నేను క్షమించను.

మనవాళ్ళు నన్ను క్షమించలేదు లెండి. "ఆవిడ్ని పెట్టుకోకండి, కోర్టుకెక్కుతుంది" అని గ్రూపుల్లో చెప్పుకున్నారు. "అలాంటివాళ్ళ కోసమా" అని ముక్కు విరిచినవాళ్ళూ ఉన్నారు. ఎలాంటివాళ్ళు? పిల్లకి ద్రాక్ష నాలుగు ముక్కలు చేసి పెట్టేవాళ్ళు.

ఇప్పుడు మీకు చెప్పేది ఒకటే. ఇంటి గుట్టు దాచండి, తప్పులేదు. వాళ్ళు పోట్లాడుకున్నదీ, అప్పు చేసిందీ మీ కడుపులో ఉంచుకోండి. కానీ పిల్ల చేత ఒక మనిషిని కాదనిపించమంటే, ఆ పూటే చెప్పులు వేసుకుని బయటికి రండి. వేరే ఇల్లు దొరుకుతుంది.

తీర్పు వచ్చాక మొదటి సోమవారం, స్వప్న రమ్మంటే స్కూలుకి నేనూ వెళ్ళాను. అన్నాళ్ళుగా పిల్లని తీసుకెళ్ళేవాళ్ళ జాబితాలో స్వప్న పేరు లేదు. ఆ రోజే మళ్ళీ ఎక్కించారు. కొత్త టీచరు తన్వి చెయ్యి పట్టుకుని బయటికొచ్చి, స్వప్నని చూపించి అడిగింది, ఈమె నీకు ఎవరని.

తన్వి స్వప్న వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది. ఇవాళ ఏ మాట చెప్పాలి అని. ఆరేళ్ళు కూడా నిండని పిల్ల, తల్లిని తల్లి అనడానికి నా మొహం చూసి అనుమతి అడుగుతోంది.

నవ్వితే ఒక మాట నేర్పినట్టవుతుంది, తల ఊపితే ఇంకో మాట నేర్పినట్టవుతుంది. నేను వీపు తిప్పి వీధి వైపు నిలబడ్డాను. బస్సులు వెళ్తున్నాయి. టీచరు మళ్ళీ అడిగింది. స్వప్న కూడా అందించలేదు, ఆ అమ్మాయి నిబ్బరం అలాంటిది.

"షీస్ మై మామ్" అంది తన్వి. చిన్నగా, తప్పు చెప్పానేమో అన్నట్టు. తరవాత కొంచెం గట్టిగా, "నా సప్పమ్మ" అంది.

అప్పుడు కూడా నేను తిరగలేదు. నా మొహం దానికి ఇక అవసరం లేకుండా పోవాలి.

వెళ్ళండి అమ్మాయిలూ, మీ ఇళ్ళలో పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. మీ గుమ్మాలు చల్లగా ఉండాలి. మీ పిల్లలు ఎవరిని ఏమని పిలిచినా, ఎవరి మొహమూ చూడకుండా నోరారా పిలవాలి. మీ ఇంట్లో అన్నం తినేవాళ్ళు అందరూ, ఎవరొచ్చినా లేవకుండా, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని కడుపునిండా తినాలి.